పరీక్షలు మాత్రమే పెట్టిన విశ్వవిద్యాలయంలో ఒక వారం

19వ శతాబ్దం రెండో సగంలో మన తెలుగు జిల్లాల విద్యార్థి ‘విశ్వవిద్యాలయంలో చదువుతున్నాను’ అంటే నిజానికి ఏం చేస్తున్నట్టు? అతని వారం ఎలా గడిచేది? అందులో పాఠాలకు, ప్రార్థనలకు, సభలకు ఎంత చోటు ఉండేది? ఈ పాఠంలో మనం పరిశీలించేది ఇదే. 1854 నాటి వుడ్స్ డిస్పాచ్ గురించి మీరు ఇంతకుముందు చదివి ఉంటే మంచిది. చదవకపోయినా ఇబ్బంది లేదు, అవసరమైన చోట చెప్తాను.

ముందుగా, ఈ పాఠం రాయాలని నాకు ఎందుకు అనిపించిందో చెప్పాలి. ఉద్యోగ విరమణ తరువాత కొన్నాళ్లు ఒక అధ్యయన కేంద్రంలో ఆదివారం తరగతులు తీసుకున్నాను. ఒకనాడు తరగతి అయ్యాక ఒక అమ్మాయి ఆగింది. వారమంతా బట్టల షాపులో పని చేసి, ఆదివారం తరగతికి వచ్చే పిల్ల. “మాస్టారూ, నేను డిగ్రీ చదువుతున్నానంటే ఏ కాలేజీ అని అడుగుతున్నారు. కాలేజీ కాదు, యూనివర్సిటీ అంటే నవ్వుతున్నారు. రోజూ తరగతి లేకుండా, ఇంట్లో పుస్తకాలు చదివి పరీక్ష రాస్తే అది యూనివర్సిటీ చదువేనా?” అంది. ఆనాడు బస్సుకు వేళవుతోందని ఏదో ఒక మాట చెప్పి పంపేశాను. ఆ జవాబు నాకే చాలలేదు. కాస్త వివరంగా చెప్పవలసినదాన్ని ఇక్కడ రాస్తున్నాను.

పాఠం చెప్పని విశ్వవిద్యాలయం

విశ్వవిద్యాలయం అనగానే మన కళ్ల ముందు పెద్ద ఆవరణ, చెట్లు, హాస్టళ్లు, తరగతి గదులు మెదులుతాయి. ఆ చిత్రం ప్రధానంగా ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల నుంచి వచ్చింది. అక్కడ విద్యార్థి కళాశాలలోనే నివసించాలి. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక్కొక్క టర్మ్‌కు ఎనిమిది వారాలు. ఆ వారాల్లో ఉపన్యాసాలు, ట్యూటర్ దగ్గర పాఠాలు, కళాశాల చాపెల్‌లో ప్రార్థనలు, ఆదివారం నాడు విశ్వవిద్యాలయం తరఫున చర్చిలో ధర్మోపన్యాసం ఉండేవి. 19వ శతాబ్దంలో చాలాకాలం చాపెల్‌కు వెళ్లడం విద్యార్థి ఇష్టానికి వదిలిన విషయం కాదు. చదువూ, నివాసమూ, మతమూ ఒకే ప్రహరీ లోపల ఉండేవి. ఇంగ్లండు చర్చికి చెందనివారికి అక్కడి పదవుల్లో, పై పట్టాల్లో ఉన్న అడ్డంకులు 1871 చట్టంతో గాని తొలగలేదు.

మనకు వచ్చిన విశ్వవిద్యాలయం ఆ నమూనాది కాదు, లండన్ నమూనాది. 1836లో ఏర్పడిన లండన్ విశ్వవిద్యాలయం పాఠాలు చెప్పదు. పాఠం చెప్పే పని కళాశాలలది. పరీక్ష పెట్టి పట్టా ఇచ్చే పని మాత్రమే విశ్వవిద్యాలయానిది. 1854 జూలైలో చార్లెస్ వుడ్ పేరుతో వచ్చిన ప్రకటన ఇదే పద్ధతిని మన దేశానికి సూచించింది. దాని ప్రకారం 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు వెలిశాయి. మద్రాసుది సెప్టెంబరు 5. ఉత్తరాదిన సిపాయిల తిరుగుబాటు జరిగిన సంవత్సరంలోనే ఈ మూడూ పుట్టాయన్న సంగతి గుర్తుంచుకోండి.

కాబట్టి ఆ విశ్వవిద్యాలయానికి ఉన్నవి ఒక సెనేట్, ఒక సిండికేట్, ఒక రిజిస్ట్రారు, పరీక్షకులు, పరీక్షల నిబంధనలు. తొలి రెండు దశాబ్దాలు దానికి సొంత భవనం కూడా లేదు. స్నాతకోత్సవం ప్రభుత్వ బాంక్వెటింగ్ హాలులో జరిగేది. చేపాక్కం సముద్రతీరంలో చిషోమ్ అనే వాస్తుశిల్పి కట్టిన సెనేట్ హౌస్ 1879కి గాని పూర్తి కాలేదు. ఆ భవనం పూర్తయ్యాక కూడా అందులో ఎవరూ రోజూ పాఠం చెప్పలేదు. 1858లో మద్రాసు తొలి బి.ఏ. పట్టాలు అందుకున్న ఇద్దరూ, దామోదరం పిళ్లె, విశ్వనాథ పిళ్లె, సముద్రానికి అవతల ఉన్న యాళ్ప్పాణం నుంచి వచ్చినవారు. తెలుగువాడి వంతు ఇంకా రావాలి.

ఇక్కడే మన పాఠానికి ఒక చిక్కు వస్తుంది. ‘19వ శతాబ్దపు విశ్వవిద్యాలయంలో ఒక వారం’ అని ఆక్స్‌ఫర్డ్ గురించి రాయాలంటే ఆ వారపు పట్టిక అచ్చులోనే దొరుకుతుంది. ఏ వారు ఏ గంటకు ఏ ఉపన్యాసం, ఏ ఆదివారం ఎవరి ధర్మోపన్యాసం, అన్నీ గెజిట్‌లో ఉంటాయి. మద్రాసు విశ్వవిద్యాలయానికి అలాంటి వారం లేదు. దానికి ఉన్నది ఏడాదికోసారి వచ్చే పరీక్షల వారం. మిగిలిన వారాలను రాజమహేంద్రవరంలో, బందరులో, విజయనగరంలో, విశాఖపట్నంలో వెతకాలి.

వారం కూడా కొత్తదే

అసలు ‘వారం’ అనేదే మన చదువుకు కొత్త కొలత. ఈ సంగతిని విద్యాచరిత్ర పుస్తకాలు సాధారణంగా పట్టించుకోవు.

మన పాత పాఠశాలల్లో సెలవు తిథిని బట్టి వచ్చేది. వేదం, శాస్త్రం చదివేవారికి పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పున్నమి, అమావాస్య అనధ్యయన దినాలు. ఆ రోజుల్లో కొత్త పాఠం చెప్పరు. పాడ్యమినాడు చదివితే చదువు చిక్కిపోతుందన్న నమ్మకం ఎంత పాతదంటే సుందరకాండలో సైతం దాని ప్రస్తావన ఉంది. వీధిబడుల్లోనూ పున్నమికి, అమావాస్యకు పిల్లలను వదిలేసేవారు. ఆదివారానికి ప్రత్యేకత లేదు. ఆదివారం తదియ అయితే బడి ఉంటుంది, బుధవారం అష్టమి అయితే ఉండదు. చంద్రుడు పెరిగే కొద్దీ, తగ్గే కొద్దీ చదువు సాగేది.

కంపెనీ కచేరీలు, మిషనరీ పాఠశాలలు తమ ఏడు రోజుల లెక్కను వెంట తెచ్చాయి. కచేరీకి ఆదివారం సెలవు. అందువల్ల కచేరీ ఉద్యోగాలకు మనుషులను తయారుచేసే బడికి కూడా ఆదివారమే సెలవు. పంతులుగారు పంచాంగం తీసి తిథి చూడవలసిన పని పోయింది. గోడకు టైంటేబుల్ వచ్చింది. సోమవారం రెండో గంటకు లెక్కలు అంటే ఏడాది పొడవునా సోమవారం రెండో గంటకు లెక్కలే. గంట కొట్టగానే సగంలో ఉన్న పద్యాన్ని సగంలో వదిలేయవలసిందే. పాత గురువుకు ఇది వింతగా తోచి ఉంటుంది. పాఠం అయ్యేదాకా కూర్చోవడం ఆయన పద్ధతి, గంట అయ్యేదాకా కూర్చోవడం కొత్త పద్ధతి.

ఈ మార్పువల్ల ఒక విచిత్రం జరిగింది. క్రైస్తవుల ప్రార్థన దినంగా వచ్చిన ఆదివారం, హిందూ విద్యార్థికి ఏ విధీ లేని ఖాళీ రోజు అయింది. పండుగ కాదు, వ్రతం కాదు, పాఠం లేదు, పని లేదు. ఆ ఖాళీలో ఏమి పుట్టిందో కొంచెం సేపట్లో చూద్దాం.

పని రోజులు

ఇప్పుడు 1880ల ప్రాంతంలో మా పాయకరావుపేట నుంచి పై చదువుకు బయలుదేరిన కుర్రవాణ్ణి ఊహించుకోండి. అతను ఏదో ఒక గ్రంథంలో ఉన్న మనిషి కాదు, ఆ కాలపు పరిస్థితులు అర్థం కావడానికి మనం పెట్టుకున్న ఉదాహరణ. తాండవ నదికి ఇటు పాయకరావుపేట, అటు తుని. ఇక్కడి నుంచి విశాఖపట్నం, రాజమహేంద్రవరం రెండూ ఇంచుమించు సమానదూరం, ఒక్కొక్కటి సుమారు వంద కిలోమీటర్లు. ఇవాళ తునిలో రైలెక్కితే రెండు గంటల ప్రయాణం. ఈ దారిలో రైలు 1893లో గాని రాలేదు. అంతకుముందు మద్రాసు–కలకత్తా రాజబాట మీద ఎద్దుబండే గతి.

విశాఖపట్నంలో 1860లో మొదలైన పాఠశాల 1878లో రెండో తరగతి కళాశాల అయింది. ఇవాళ మీరు మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల అని పిలిచేది అదే. రెండో తరగతి అంటే నాసిరకం అని కాదు, ఎఫ్.ఏ. వరకే చెప్తారని అర్థం. మెట్రిక్యులేషన్ తరువాత రెండేళ్లకు ఎఫ్.ఏ., మరి రెండేళ్లకు బి.ఏ. అని వరుస. (ఈ కళాశాలలో లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పడానికి 1892లో వచ్చిన చంద్రశేఖర అయ్యర్‌గారి కొడుకే సి.వి. రామన్. ఆ పిల్లవాడు పదకొండో ఏట మెట్రిక్యులేషన్, పదమూడో ఏట ఎఫ్.ఏ. పూర్తిచేశాడు. అందరూ అలా పూర్తిచేశారనుకోకండి.) రాజమహేంద్రవరంలో ప్రభుత్వ పాఠశాల 1853లో మొదలై, 1873లో ఎఫ్.ఏ. స్థాయికి, 1877లో బి.ఏ. స్థాయికి ఎదిగింది. విజయనగరం మహారాజావారి పాఠశాల 1857లో పుట్టి 1879లో కళాశాల అయింది. కాకినాడలో పిఠాపురం రాజావారి కళాశాల 1884 నుంచి.

మన కుర్రవాడు బి.ఏ. దాకా వెళ్లాలనుకుంటే రాజమహేంద్రవరం దగ్గరి దారి. అక్కడ సోమవారం నుంచి అతనికి ఎదురయ్యే చదువు ఎలాంటిది? అన్నీ ఇంగ్లీషులోనే. చరిత్ర, లెక్కలు, తర్కం, భౌతికశాస్త్రం ఇంగ్లీషులో విని, ఇంగ్లీషులో రాసుకొని, ఇంగ్లీషులోనే పరీక్షకు అప్పజెప్పాలి. నిర్ణయించిన ఇంగ్లీషు కావ్యాన్ని అధ్యాపకుడు పంక్తి పంక్తికీ వివరిస్తాడు, విద్యార్థి నోట్సు రాసుకుంటాడు. తెలుగు లేక సంస్కృతం రెండో భాషగా ఉండేది. దాన్ని చెప్పే పండితుడి జీతమూ తక్కువే, గౌరవమూ తక్కువే. ఏ పేరాను వివరించాలి, దేన్ని వదిలేయాలి అన్నది అధ్యాపకుడి ఇష్టం కాదు. మద్రాసులో ఎవరో పరీక్షకుడు ఏమి అడుగుతాడన్న ఊహ దాన్ని నిర్ణయిస్తుంది. పాఠం చెప్పేవాడు పరీక్ష పెట్టడు, పరీక్ష పెట్టేవాడు పాఠం చెప్పడు. వీళ్లిద్దరి మధ్యనే మన దేశంలో గైడ్లు, ‘నోట్సు’ల వ్యాపారం పుట్టింది. అది నేటికీ వర్ధిల్లుతోందని మీకు నేను చెప్పనక్కరలేదు.

ఆ పద్ధతిని పూర్తిగా తిట్టిపోయడం కూడా నాకు సరి అనిపించదు. రాజమహేంద్రవరం కుర్రవాడికీ, మద్రాసు కుర్రవాడికీ ఒకే ప్రశ్నపత్రం రావడం చిన్న విషయం కాదు. ఎవరి కొడుకు అన్నది జవాబు పుస్తకం మీద కనబడదు. గురువు దయ ఉంటే తప్ప విద్వాంసుడనిపించుకోలేని కాలం నుంచి ఇది పెద్ద అడుగు. అయితే ఆ ప్రశ్నపత్రం దాకా రాగలిగినవారు ఎవరన్నది వేరే ప్రశ్న. తరగతిలో చాలామంది అగ్రవర్ణాల మగపిల్లలే. రాజమహేంద్రవరంలో పుట్టి, బందరు నోబుల్ కళాశాలలో చదివి, 1890ల చివర బి.ఏ. అయిన కమలా సత్యనాథన్ లాంటి స్త్రీలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆమె 1901లో ఇంగ్లీషులో స్త్రీల మాసపత్రికను మొదలుపెట్టారు.

ప్రార్థన ఎక్కడ?

ఆక్స్‌ఫర్డ్ వారంలో చాపెల్‌కు ఉన్న చోటు మన వారంలో ఎవరిది? 1854 ప్రకటన విశ్వవిద్యాలయ పరీక్షలలో మతవిషయాలు ఉండకూడదని స్పష్టం చేసింది. కాబట్టి ప్రభుత్వ కళాశాలలో ప్రార్థన లేదు. మిషన్ కళాశాలల్లో ఉంది. బందరులో రాబర్ట్ నోబుల్ 1843లో మొదలుపెట్టిన పాఠశాలలో బైబిలు పాఠం దినచర్యలో భాగం. కులం ఏదైనా, నమ్మకం ఏదైనా ఆ గంటలో విద్యార్థి కూర్చోవాలి. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలోనూ అంతే. అక్కడ 1862 నుంచి నాలుగు దశాబ్దాలకు పైగా విలియం మిల్లర్ ప్రభావం సాగింది.

విశ్వవిద్యాలయం బైబిలులో పరీక్ష పెట్టదు. అయినా తల్లిదండ్రులు పిల్లలను ఆ కళాశాలలకు పంపారు. కారణం, అక్కడి ఇంగ్లీషు బాగుంటుందని. బైబిలు గంటను చాలామంది ఇంగ్లీషు గంటగానే భరించారు. అప్పుడప్పుడూ ఒకరిద్దరు మతం మారితే ఊరు అల్లకల్లోలమయ్యేది, పిల్లలను బడి మాన్పించేవారు, కొన్ని నెలలకు మళ్లీ పంపేవారు. ఇంకో ఫలితం కూడా ఉంది. ఆ గంటలో విన్నదాన్ని మతంగా కాక నీతిప్రశ్నగా తీసుకొని, మన సమాజం వైపు తిప్పి చూసినవారు తయారయ్యారు. క్రిస్టియన్ కళాశాలలో మిల్లర్ శిష్యుడైన రఘుపతి వెంకటరత్నం నాయుడు క్రైస్తవుడు కాలేదు, బ్రహ్మసమాజంలో చేరాడు. తరువాత కాకినాడ పి.ఆర్. కళాశాల ప్రిన్సిపాలుగా 1904 నుంచి 1919 దాకా పనిచేసి, చివరికి 1925లో అదే మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయ్యాడు.

(ఆలోచించండి: పరీక్షలో లేని విషయాన్ని రోజూ ఒక గంట చెప్పినందువల్ల విద్యార్థికి లాభమా, నష్టమా? మీ అనుభవం నుంచి ఒక పేజీ రాయండి. ఎవరూ దీనికి మార్కులు వేయరు.)

ఆదివారం

ఇందాక ఖాళీగా మిగిలిపోయిందన్న ఆదివారానికి వద్దాం. రాజమహేంద్రవరం కళాశాలలో తెలుగు పండితుడుగా ఉన్న కందుకూరి వీరేశలింగం, ఇందాక చెప్పిన తక్కువ జీతపు పండితుల కోవలోనివాడే. ఆయన 1874 నుంచి ‘వివేకవర్ధని’ పత్రిక నడుపుతున్నాడు. 1878లో సంఘసంస్కరణ సమాజం పెట్టాడు. ఆ సమాజం చుట్టూ చేరినవారిలో ఎక్కువమంది ఆయన విద్యార్థులు, వారి స్నేహితులు. పరీక్షకు పనికిరాని మాటలు మాట్లాడుకోవడానికి వాళ్లకు ఒక చోటు, ఒక రోజు దొరికాయి.

1879 ఆగస్టు 3న ఆయన రాజమహేంద్రవరంలో వితంతు వివాహం శాస్త్రసమ్మతమేనని బహిరంగంగా ఉపన్యసించాడు. ఆ తేదీ ఏ వారమో లెక్క వేసి చూడండి, ఆదివారం వస్తుంది. ఆ ఉపన్యాసం ఏ సిలబస్‌లోనూ లేదు. దాని మీద ప్రశ్న రాదు. అయినా ఆ సంవత్సరం రాజమహేంద్రవరంలో జరిగిన ఉపన్యాసాల్లో జనం గుర్తుపెట్టుకొన్నది అదొక్కటే. పండితులు ఖండనలు రాశారు, ఆయన వాటికి జవాబులు రాశాడు. ఊళ్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. కళాశాల కుర్రవాళ్లకు అది తర్కశాస్త్రంలో అసలైన పాఠం. ప్రమాణం అంటే ఏమిటి, ఒక స్మృతివాక్యానికి రెండు అర్థాలు ఎలా వస్తాయి, ఎదుటివాడి వాదాన్ని ఎలా తిప్పికొట్టాలి అన్నవి బల్ల మీద ఉన్న పుస్తకంలో చదవడం వేరు, ఇంట్లో నాన్నతో వాదించవలసి రావడం వేరు.

1881 డిసెంబరు 11న వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించాడు. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. అది కూడా ఆదివారమే. పెళ్లికి ముహూర్తం పంచాంగం చూసి పెడతారు కాబట్టి ఈ ఆదివారం మీద నేను పెద్ద సిద్ధాంతం కట్టను. ముఖ్యం ఏమిటంటే ఆ పెళ్లికి అండగా నిలబడినవారిలో విద్యార్థులు ఉన్నారు. పెళ్లికి వచ్చినవారికి వెలి తప్పదని అందరికీ తెలుసు. పురోహితులు రారు, వంటవాళ్లు రారు, బంధువులు గడప తొక్కరు. కొందరు కుర్రవాళ్లు ఇంట్లో చెప్పకుండా వచ్చారు, కొందరు పెద్దల బెదిరింపుకు వెనక్కి తగ్గారు. వెనక్కి తగ్గినవారిని వెక్కిరించడం నేడు మనకు సులువు. మర్నాడు సోమవారం, తరగతి. నిన్న పెళ్లికి వెళ్లినవాడూ, వెళ్లనివాడూ ఒకే బల్ల మీద కూర్చోవాలి.

విజయనగరంలో పరిస్థితి వేరు. అక్కడ మహారాజు ఆనంద గజపతి ప్రాపకం ఉంది, సభ ఉంది. అక్కడే చదివి 1882లో మెట్రిక్యులేషన్, 1884లో ఎఫ్.ఏ., 1886లో తత్త్వశాస్త్రం ముఖ్యవిషయంగా బి.ఏ. పూర్తిచేసిన గురజాడ అప్పారావు 1889లో ఆనంద గజపతి చర్చాసంఘానికి ఉపాధ్యక్షుడయ్యాడు. చర్చాసంఘం అంటే నేటి డిబేటింగ్ క్లబ్. 1892లో ‘కన్యాశుల్కం’ విజయనగరంలోనే రంగస్థలం ఎక్కింది. బి.ఏ.లో ఆయన ఏ పత్రానికి ఏ జవాబు రాశాడో ఇవాళ ఎవరికీ పట్టదు. ఆ ఊళ్లో సాయంకాలాల్లో వాదించి, విని, నవ్వి నేర్చుకున్నదానితో మాత్రం తెలుగు నాటకం దిశే మారింది.

పరీక్షల వారం

విశ్వవిద్యాలయం తన ముఖం చూపించేది పరీక్షకే. బి.ఏ. కావాలంటే మద్రాసు వెళ్లక తప్పని రోజుల్లో ఆ ప్రయాణమే ఒక పరీక్ష. ఉత్తర కోస్తా కుర్రవాడు కాకినాడ వెళ్లి స్టీమరెక్కాలి, లేదా డెల్టా కాలువలు, బకింగ్‌హాం కాలువ మీదుగా పడవలో పోవాలి. గోదావరి మీద రైలు వంతెన 1900లో గాని పూర్తి కాలేదు. ఇంత చేసి వెళ్లినవారిలో చాలామంది తప్పేవారు. తప్పడం సైతం ఒక అర్హతే అయిపోయింది. ‘ఫెయిల్డ్ మెట్రిక్’, ‘ఫెయిల్డ్ బి.ఏ.’ అని పేరు పక్కన రాసుకొని ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేవారు. పరీక్షదాకా చదివాడు, ఇంగ్లీషు వచ్చు అని దాని అర్థం. ఒక చదువు విలువ ఎక్కడుందో ఆ మాటలో అనుకోకుండా బయటపడిందని నాకనిపిస్తుంది.

ఫలితాలు ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్‌లో వచ్చేవి. కృతార్థులు స్నాతకోత్సవంలో గౌను, హుడ్ వేసుకొని నిలబడి, రోజువారీ బతుకులోనూ మాటతీరులోనూ విశ్వవిద్యాలయ సభ్యులకు తగినట్టు నడుచుకుంటామని మాట ఇవ్వాలి. ఏనాడూ ఒక్క తరగతి చెప్పని సంస్థకు సభ్యుడనని అతను ప్రమాణం చేసేది ఆ రోజే.

తరగతికి రాని విద్యార్థి

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు నేరుగా తగిలే మనిషి దగ్గరకు వద్దాం. గిడుగు వెంకట రామమూర్తి 1863లో పర్వతాలపేటలో పుట్టాడు. విజయనగరంలో మెట్రిక్యులేషన్ అయ్యాక ఇంటి పరిస్థితులవల్ల కళాశాలకు వెళ్లలేదు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరాడు. నెలకు 30 రూపాయల జీతం. పగలు పిల్లలకు పాఠం చెప్పి, ఇంటికి వచ్చి తాను చదువుకొని, ప్రైవేటుగా 1886లో ఎఫ్.ఏ. పూర్తిచేశాడు. బి.ఏ. పూర్తయ్యేసరికి మరో పదేళ్లు పట్టింది. ఆ పరీక్షకు చరిత్రను ముఖ్యవిషయంగా తీసుకున్నాడు.

లండన్ విశ్వవిద్యాలయం 1858లోనే కళాశాల హాజరు లేనివారికి కూడా పరీక్షలు తెరిచింది. మద్రాసు అంత ధారాళంగా లేదు, సాధారణంగా అనుబంధ కళాశాల హాజరు పత్రం అడిగేది. ఉపాధ్యాయుల విషయంలో మాత్రం వెసులుబాటు ఇచ్చింది. గిడుగు ఆ సందులోంచి లోపలికి వచ్చాడు. ఆ సందు లేకపోతే ఆయనకు పట్టా వచ్చేది కాదు.

ఆయన వారాన్ని తలచుకోండి. మద్రాసులో మిల్లర్ షేక్‌స్పియర్ గురించి చెప్తున్న గంటలో ఆయన పర్లాకిమిడిలో మొదటి ఫారం పిల్లలకు చరిత్ర చెప్తూ ఉన్నాడు. సందేహం వస్తే అడగడానికి అధ్యాపకుడు లేడు. గ్రంథాలయం చేతికి అందదు, పక్క బల్ల మీద స్నేహితుడు లేడు. ఒక్కటి మాత్రం ఉంది. ఊరి చుట్టూ కొండల్లో సవరలు ఉన్నారు. సంతకు దిగివచ్చే వాళ్ల మాట ఎవరికీ అర్థం కాదు, దానికి లిపి లేదు, పుస్తకం లేదు. గిడుగు ఆ భాష తెలిసిన మనిషిని ఇంట పెట్టుకొని మాట నేర్చుకున్నాడు. తరువాత దానికి వాచకాలు, వ్యాకరణం, నిఘంటువు తయారుచేశాడు. ఏ విశ్వవిద్యాలయమూ ఆయనకు భాషాశాస్త్రం చెప్పలేదు. మాట్లాడే మనిషి నోట్లోంచి భాషను వినాలన్న పాఠం ఆయనకు సవరల దగ్గర దొరికింది. ఆ చెవితోనే తెలుగును విన్నాడు. గ్రాంథికానికి, వ్యావహారికానికి మధ్య 20వ శతాబ్దం మొదట్లో లేచిన వాదానికి మూలం అక్కడ ఉంది. మీరు ఈ పాఠాన్ని నోటికి దగ్గరైన తెలుగులో చదవగలుగుతున్నారంటే, అందులో ఆ ప్రైవేటు విద్యార్థి వాటా ఉంది. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

అంటే తరగతి అక్కరలేదని నేను అంటున్నానా? లేదు. గిడుగుకు పదహారేళ్లు పట్టిన చదువు కళాశాలకు వెళ్లినవాడికి నాలుగేళ్లలో అయ్యేది. మధ్యలో ఎంతమంది ఉపాధ్యాయులు ఇలాగే మొదలుపెట్టి వదిలేశారో గెజిట్‌లో ఉండదు. అడగడానికి మనిషి లేకపోవడం పెద్ద లోటు. దాన్ని ఘనతగా చెప్పుకోవడం తప్పు. నేను చెప్పేది ఒక్కటే. మన ప్రాంతపు తొలి విశ్వవిద్యాలయానికి చదువును ఏ గోడల మధ్య నేర్చుకున్నావన్న దానితో పని లేదు. కాబట్టి ‘తరగతి లేకపోతే యూనివర్సిటీ ఏమిటి’ అని నవ్వేవారు ఏ పాత ప్రమాణాన్ని తలచుకొని నవ్వుతున్నారో, ఆ ప్రమాణం మన దగ్గర ఎన్నడూ అంత పాతది కాదు.

తరువాత ఏమైంది

1902లో కర్జన్ నియమించిన కమిషన్, దాని వెనక 1904 చట్టం విశ్వవిద్యాలయాలు స్వయంగా బోధన కూడా చేయవచ్చని దారి చూపాయి. మద్రాసులో ఆచార్య పదవులు, శాఖలు ఆ తరువాత నెమ్మదిగా ఏర్పడ్డాయి. తెలుగు జిల్లాలకు 1926లో సొంత విశ్వవిద్యాలయం వచ్చింది. బెజవాడలో మొదలైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1930లో వాల్తేరుకు చేరింది. కట్టమంచి రామలింగారెడ్డి దాని తొలి వైస్ చాన్సలర్. కొండ మీద భవనాలు, హాస్టళ్లు, తరగతులు, సముద్రపు గాలి. మనం మొదట్లో చెప్పుకున్న చిత్రం మన దగ్గర నిజమైంది అప్పుడే. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో ఆ తరహా వాటిలో అదే మొదటిది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు.

పాత మద్రాసు పరీక్షకూ, దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. గిడుగుకు మద్రాసు నుంచి వచ్చినవి సిలబస్సు, హాల్ టికెట్టు, ఫలితం మాత్రమే. మీకు ఈ పాఠ్యపుస్తకం వస్తుంది, అధ్యయన కేంద్రంలో అడగడానికి ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషిని అడగండి. మేము తరగతికి వచ్చి ఖాళీ బల్లలకు పాఠం చెప్పి వెళ్లిన రోజులు కూడా ఉన్నాయి. ఆ అమ్మాయి మాత్రం ఒక్క తరగతి కూడా మానలేదు. సంప్రదింపు తరగతులు అప్పుడూ ఆదివారమే పెట్టేవారు, షాపుకు సెలవు కాబట్టి.